నికెల్ సీసాలో రాగి

హిందూపురంలో కాంప్లెక్స్ అంటే అందరికీ తెలిసిన అర్థం ఒక్కటే. కింద మందుల అంగడి, మీద టైపు ఇన్‌స్టిట్యూటు, దాని మీద ఎవరూ చేరని ఖాళీ గదులు, వాటికొక టు-లెట్ బోర్డు. అందుకని మా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ దానియేలు పదహారు కాంప్లెక్సులు తయారు చేస్తున్నాడని తెలిసినప్పుడు, పెనుకొండ పక్కన వాళ్ళ ఊరు ఊరంతా నోరెళ్ళబెట్టింది.

చిలమత్తూరు నుంచి వాళ్ళ మామ పాపన్న బస్సు దిగి నేరుగా కాలేజీకే వచ్చేశాడు. నేనప్పుడు స్టాఫ్‌రూములోనే ఉన్నాను. నా పేరు నాగేశ్వరయ్య, తెలుగు లెక్చరర్ని. తెలుగు క్లాసుకు పిల్లలు రారు కాబట్టి నేనెప్పుడూ స్టాఫ్‌రూములోనే ఉంటాను.

"ఏమబ్బా దానియేలూ, పదారు కాంప్లెక్సులంట! అన్ని దుడ్లు యాడివి నీకు?" అన్నాడు పాపన్న.

"బిల్డింగులు కాదు మామా. పొడి. సీసాల్లో ఉంటాది."

"ఏం పొడి?"

"రంగు పొడి. గ్రాము, అర గ్రాము."

పాపన్న నావైపు చూశాడు, నేను తలూపాను. అయినా నమ్మలేదు. "చెప్పేదానికి ఇష్టం లేకుంటే చెప్పొద్దులే. మావోడి కోళ్ళ అంగడికి మెట్ల కింద రూమైనా సరే, ఒకటి ఇడిసిపెట్టు" అని లేచిపోయాడు. ఆ ఆదివారం ఊరి చర్చిలో పాస్టరుగారు దానియేలు కాంప్లెక్సులకు పునాదులు గట్టిగా పడాలని ప్రార్థన చేశారట. వాళ్ళమ్మ రామాంజినమ్మ అందరికంటే పెద్దగా ఆమెన్ అందట.

నిజానికి అతను చేస్తున్నది పీహెచ్‌డీ. మాక్రోసైక్లిక్ ట్రాన్సిషన్ మెటల్ కాంప్లెక్సుల సింథసిస్, క్యారెక్టరైజేషన్. దీన్ని తెలుగులో స్థూలవలయ పరివర్తన లోహ సంక్లిష్టాలు అనాలి. ఆ మాట నేను పాఠ్యపుస్తకంలో వెతికిపెట్టి మరీ చెబితే, దానియేలు "అంటే ఏంటి సార్?" అన్నాడు. విషయం మాత్రం మాటంత కష్టం కాదు. నడుమ ఒక లోహపు పరమాణువు ఉంటుంది. దాని చుట్టూ కర్బనం, నత్రజని చేతులు పట్టుకుని పెద్ద వలయం కడతాయి. నడుమ లోహం లేకపోతే ఆ వలయం సరిగా కుదరదు. మా కరస్పాండెంట్ గారు వరండాలో కుర్చీ వేయించుకుంటే చుట్టూ మా స్టాఫ్ ఏర్పడినట్టే. నాలుగు రకాల వలయాలు, నాలుగు లోహాలు - కోబాల్ట్, నికెల్, రాగి, జింకు. నాలుగు నాలుగులు పదహారు.

దానియేలుకు ఊహ తెలిసేసరికే తండ్రి లేడు. రామాంజినమ్మ సేద్యగాళ్ళ చేన్లలో చెనిక్కాయలు పెరికి, వలిచి, వాణ్ణి ఎమ్మెస్సీ దాకా తెచ్చింది. తొంభై నాలుగులో మా కాలేజీలో పార్ట్‌టైం లెక్చరర్‌గా చేరాడు. పార్ట్‌టైం అంటే జీతం పార్ట్, పని ఫుల్లు. తొంభై ఐదులో యూనివర్సిటీలో ప్రొఫెసర్ దుర్గాప్రసాద్ గారి దగ్గర రిజిస్టర్ అయ్యాడు. ఆయన గైడెన్సు గొప్పది. హిందూపురం మార్కెట్లో మంచి చింతపండు ఏ మండీలో ఉంటుందో, ఏ నెలలో కొనాలో పూసగుచ్చినట్టు చెప్పేవారు. రెండేళ్ళు దానియేలు ఆ చింతపండు, బెల్లం మోశాడు. దాన్ని రికార్డుల్లో లిటరేచర్ సర్వే అన్నారు.

తర్వాత మా కాలేజీ ల్యాబులోనే సింథసిస్ మొదలైంది. లోహపు ఉప్పు, దానితో మరో రెండు మందులు గాజు ఫ్లాస్కులో వేసి, మిథనాల్ పోసి ఆరు గంటలు మరిగించాలి. ఆవిరి పోకుండా పైనున్న గొట్టం చుట్టూ చల్లటి నీళ్ళు ఆగకుండా పారుతూ ఉండాలి. హిందూపురంలో ఆగకుండా పారే నీళ్ళు! తాగడానికే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే ఊరు మాది. అందుకని పైన బల్ల మీద ఒక బకెట్టు, కింద ఒక బకెట్టు. పై నీళ్ళు గొట్టం గుండా కిందికి వస్తే, అటెండర్ హనుమప్ప ఆ నీళ్ళు ఎత్తి మళ్ళీ పైన పోయాలి. ఆరు గంటలూ పోయాలి. పోశాడు కూడా. ఏళ్ళ తరబడి ఆ మనిషి ఆ రెండు బకెట్ల మధ్య తిరిగాడు. థీసిస్‌లో కృతజ్ఞతలు మాత్రం ప్రొఫెసర్ గారి సతీమణికి చెప్పారు.

ఇక క్యారెక్టరైజేషన్. తయారైన పొడి ఏమిటో, ఎలాంటిదో తేల్చడం. పెళ్ళికొడుకు గురించి నలుగురినీ వాకబు చేసినట్టు నాలుగు మిషన్లను అడగాలి. ఆ మిషన్లు బెంగళూరులో ఉండేవి. దానియేలు పొడిని ఇంజెక్షన్ సీసాల్లో పోసి, సీసాల్ని టిఫిన్ క్యారియర్‌లో పెట్టి, పొద్దుటి ప్యాసింజర్‌కు పోయేవాడు. తెలియనివాళ్ళు మంచి సాంబారు వాసన కోసం పక్కన కూర్చుని నిరాశపడేవాళ్ళు.

ఒక మిషన్ అయస్కాంతానికి ఆ పొడి ఎంత లొంగుతుందో కొలిచి ఒక అంకె ఇస్తుంది. నికెల్ కాంప్లెక్సుకైతే ఆ అంకె సున్నా రావాలి, లేదా మూడుకు దగ్గరగా రావాలి. రాగికైతే ఒకటీ ముప్పావు దరిదాపుల్లో వస్తుంది. దానియేలు నికెల్ పొడులు నాలుగింటికీ ఒకటీ ముప్పావే వచ్చింది. రంగు కూడా రాగి పొడుల్లాగే ఊదా. కుర్రాడు భయపడిపోయి గైడు దగ్గరికి పరిగెత్తాడు.

ప్రొఫెసర్ గారు అంకె చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అనామలస్! నికెల్‌లో ఇంతవరకు ఎవరూ చూడని అయస్కాంత గుణం. పేపరు రాద్దాం" అన్నారు. రాశారు. అచ్చయింది. ముందు ఆయన పేరు, వెనక దానియేలు పేరు. లోహం ఎంత శాతం ఉందో విడిగా పరీక్ష చేయాలా అని దానియేలు అడిగితే, "ఎందుకయ్యా టైం వేస్టు? ఫార్ములా నుంచి లెక్కకట్టు. రెండో దశాంశంలో కొంచెం అటూ ఇటూ మార్చి, 'కనుగొన్నది' అనే గడిలో రాసెయ్" అన్నారు. దానియేలు అలాగే రాశాడు. అతను చేసిన తప్పు అదొక్కటే. నేను పక్షపాతం లేకుండా చెబుతున్నాను.

రెండువేల మూడు డిసెంబరులో థీసిస్ సమర్పించాడు. మే నెలలో వైవా అన్నారు. కరస్పాండెంట్ గారు పిలిచి, "జూన్లో కెమిస్ట్రీ పర్మనెంట్ పోస్టు వేస్తాండాం. నీకు డాక్టరేట్ వచ్చి ఉంటే నీదే, లేకుంటే మేం వేరే చూసుకుంటాం" అని స్పష్టంగా చెప్పారు. పదేళ్ళ పార్ట్‌టైం బతుకు జూన్‌తో తీరిపోతుందని మేమంతా అనుకున్నాం. స్టాఫ్‌రూములో అతని చేత ముందే మైసూర్‌పాక్ తెప్పించుకుని తిన్నాం కూడా.

మార్చిలో ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. మా వైపు ప్రాక్టికల్స్‌కు ఒక పద్ధతి ఉంది. అది ఏ సిలబస్‌లోనూ ఉండదు, ఏ కాలేజీలోనూ తప్పదు. ఎగ్జామినరు వచ్చేలోపు అటెండరు బల్లల మధ్య నడుస్తూ, బీకర్లు సర్దుతున్నట్టు నటిస్తూ, ఇవాళ పిల్లలు పరీక్షించి కనుక్కోవలసిన ఉప్పు పేరు చెవిలో వేసి పోతాడు. పిల్లలు జవాబు నుంచి వెనక్కి నడుస్తూ చేయని పరీక్షలన్నీ చేసినట్టు రాస్తారు. ఇందులో మోసం ఏమీ లేదని అందరి నమ్మకం. ఆ రోజు హనుమప్ప ఇరవై తొమ్మిది మంది చెవుల్లో "నికెలు, నికెలు" అని వేసి పోయాడు.

ముప్పయ్యో పిల్ల శ్రావ్య ధర్మవరం నుంచి రోజూ ప్యాసింజర్‌లో వచ్చేది. ఆ రోజు క్రాసింగ్ కోసమని బండిని దారిలో గంటసేపు నిలిపేశారు. పిల్ల రొప్పుతూ వచ్చి నాలుగో బల్ల దగ్గర నిలబడేసరికి హనుమప్ప ఉపదేశం ముగిసింది, ఎగ్జామినరు కుర్చీలో కూర్చున్నాడు. పాపం, ఇంకేం చేస్తుంది? చదివినట్టే ఒక్కో పరీక్షా చేసుకుంటూ పోయింది. సాయంత్రం కాగితాలు చూస్తే ఇరవై తొమ్మిది మంది నికెల్ అని రాశారు. శ్రావ్య ఒక్కతే రాగి అని రాసింది.

దానియేలు రిజిస్టరు చూశాడు. నికెల్ క్లోరైడ్ అని ఉంది. "ఏమ్మా, అందరికీ నికెల్ వస్తే నీకు రాగి ఎట్లా వచ్చింది?" అని అడిగాడు.

"నాకు రాగే వచ్చినాది సార్. మీరే చూడండి."

"రైలు లేటని కంగారులో తప్పు చేసుంటావు."

"లేదు సార్. రెండుసార్లు చేసినాను." పిల్ల కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ మాట తొణకలేదు.

ఆమెకు ఆమె తప్పు చూపించడానికే దానియేలు గాజుగొట్టం తీసుకున్నాడు. నికెల్ ఉంటే డీఎంజీ అనే మందు వేయగానే గులాబీ ఎరుపు రావాలి. అది ఇంటర్ పిల్లలకు కూడా తెలిసిన సంగతి. అమ్మోనియా పోసి, డీఎంజీ వేశాడు. ఎరుపు రాలేదు, ముదురు నీలం తేలింది. మరో గొట్టంలో ఫెర్రోసైనైడ్ వేశాడు. చాక్లెట్ రంగు దిగింది. రాగి. ఇంకెవరినీ అడగనక్కరలేని రాగి.

హనుమప్పను పిలిచి సీసా చూపించాడు. హనుమప్ప ఏమీ దాచలేదు. "తొంభై ఎనిమిదిలో ఇన్‌స్పెక్షన్ వచ్చె గదా సార్. అరమారలో ఖాళీ సీసా ఒక్కటీ కనపడకూడదని ప్రిన్సిపాల్ సారు చెప్పినాడు. ఈ సీసా అడుగంటినాది. లోపల ఉండేది పచ్చగా ఉండె. ఆ పక్క సీసాలో ఉండేదీ పచ్చగా ఉండె. పచ్చదాన్లో పచ్చది నింపితిని. ఏమి సార్, తప్పా?"

పక్క సీసా రాగి క్లోరైడ్. అదీ ఆకుపచ్చే. ఆరేళ్ళలో ఆరు బ్యాచ్‌ల పిల్లలు ఆ రాగిలో నికెల్‌ను విజయవంతంగా కనుక్కుని ఫస్ట్‌క్లాసులు తెచ్చుకున్నారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు కెమిస్ట్రీ పాఠాలు చెబుతున్నారు కూడా.

దానియేలు రిజిస్టరులో నికెల్ అన్నమాట కొట్టేసి, పక్కన కాపర్ అని రాసి సంతకం పెట్టాడు. శ్రావ్యకు యాభైకి నలభై ఎనిమిది వేశాడు. మిగతా ఇరవై తొమ్మిది మందికి ఎగ్జామినరు దస్తూరీ చూసి పాస్ మార్కులు వేసేసి రైలుకు పరిగెత్తాడు. అందరూ వెళ్ళిపోయాక కూడా దానియేలు ఆ సీసాను పట్టుకుని స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. టీకి పిలుద్దామని పోయిన నేను అతని మొహం చూసి భయపడ్డాను.

"సార్, నేను నాలుగు నికెల్ కాంప్లెక్సులూ ఈ సీసాలో నుంచే చేసినాను" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అంటే అతని పదహారింటిలో నికెల్ అన్నవి నాలుగూ రాగివే. ఉన్నవి పన్నెండే. ఎవరూ చూడని అయస్కాంత గుణం అని అచ్చైన పేపరులోది రాగికి రోజూ ఉండే గుణం.

మరునాడు ఇద్దరం కలిసి యూనివర్సిటీకి పోయాం. నాకు అక్కడ పేపర్లు దిద్దే పని ఉంది. ప్రొఫెసర్ దుర్గాప్రసాద్ గారు అంతా విని తలుపు మూయించారు.

"సీసా మీద ఏమని ఉంది?"

"నికెల్ క్లోరైడ్ అని ఉంది సార్."

"మరి లోపల రాగి ఉందని ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు సార్."

"నీకు కూడా తెలియనట్టు ఉండు. పేపరు అచ్చయిపోయింది. అచ్చయిన నికెల్ రాగి ఎట్లా అవుతుందయ్యా?"

తిరుగు రైల్లో నేను అతనికి హితబోధ మొదలుపెట్టాను. ధర్మవరం దాటినప్పటి నుంచి పెనుకొండ దాకా చెప్పాను. వైవా రెండు నెలల్లో ఉంది. పోస్టు మూడు నెలల్లో ఉంది. అమ్మకు అరవై దాటాయి, ఇంకా చేన్లకు పోతోంది. దేశంలో ఇన్ని థీసిస్‌లు ఉన్నాయి, బైండింగు చేసినవాడు తప్ప ఎవడైనా తెరిచాడా? నోరు మూసుకో, డాక్టరేట్ తీసుకో, తర్వాత తీరిగ్గా బాధపడుదువు గానీ అన్నాను. నాకు తెలుగు బాగా వచ్చు కాబట్టి చాలా చక్కగా చెప్పాను.

దానియేలు అంతా విన్నాడు. "నికెల్ కాంప్లెక్స్ యే రంగులో ఉంటాదో నేను ఇంతవరకు చూడనేలేదు సార్" అని మాత్రం అన్నాడు. పెనుకొండలో దిగి వాళ్ళ ఊరికి పోయాడు.

వారం తిరక్కుండా థీసిస్ వెనక్కి తీసుకుంటున్నట్టు యూనివర్సిటీకి జాబు రాశాడు. నాలుగు సమ్మేళనాలు తప్పు, కారణం నా అజాగ్రత్త, మళ్ళీ చేసి సమర్పిస్తాను. అంతే రాశాడు. హనుమప్ప పేరు రాయలేదు, గైడు పేరు రాయలేదు. పేపరు అచ్చువేసిన పత్రికకు కూడా ఇంకో జాబు పంపాడు. ప్రొఫెసర్ గారు ఎనిమిది నెలలు అతనితో మాట్లాడలేదు. చింతపండు కూడా వేరేవాళ్ళ చేత తెప్పించుకున్నారు.

ఊళ్ళో వార్త ఇంకోలా చేరింది. దానియేలు కట్టిన పదహారు కాంప్లెక్సుల్లో నాలుగు కూలిపోయాయని చెప్పుకున్నారు. సిమెంటులో కల్తీ జరిగిందని పాపన్న తేల్చాడు. రామాంజినమ్మ ఆదరాబాదరా హిందూపురం బస్సెక్కి వచ్చింది. ఆమె స్టాఫ్‌రూము గడపలో నిలబడి అడిగిన మాట నేను నా చెవులతో విన్నాను.

"ఎవురికన్నా దెబ్బ తగిలినాదా నాయనా?"

"లేదుమా. ఎవురికీ ఏమీ కాలేదు."

"మనుషులు బాగుండారు గదా, అది చాలు. బాగలేనివి పోతే పోనీ. మళ్ళా చేసుకుందువులే."

ఆమెకు అక్షరం ముక్క రాదు. నేను ఎమ్మే చదివాను, రైల్లో రెండు గంటలు మాట్లాడాను. ఆ ఒక్క మాట మాత్రం నాకు తోచలేదు. ఆ రోజు నాకు చాలా సిగ్గేసింది.

జూన్లో పోస్టు కరస్పాండెంట్ గారి తోడల్లుడి కొడుక్కు ఇచ్చారు. అతనికి డాక్టరేట్ ఉంది, కాబట్టి ఆక్షేపించడానికి ఏమీ లేదు. దానియేలు పార్ట్‌టైం పార్ట్‌టైంగానే ఉండిపోయాడు. కొత్త సీసా నికెల్ క్లోరైడ్ బెంగళూరు నుంచి తెచ్చుకుని, మూత తీయగానే డీఎంజీ వేసి ఎరుపు చూసుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. అవే ఆరు గంటలు, అవే రెండు బకెట్లు. హనుమప్ప ఈసారి ఎవరూ చెప్పకుండానే వచ్చి నీళ్ళెత్తాడు. ఒక మధ్యాహ్నం నన్ను కేకేసి పిలిచారు. ఫ్లాస్కు అడుగున పసుపు రంగు పొడి దిగి ఉంది, ఇంట్లో వాడే పసుపు లాగే ఉంది.

"ఇదీ పచ్చగానే ఉండాది గదా సార్" అన్నాడు హనుమప్ప అనుమానంగా. మా వైపు ఆకుపచ్చా పచ్చే, పసుపూ పచ్చే. దానియేలు పకపకా నవ్వాడు. ఏడాది తర్వాత అతను నవ్వడం అదే మొదలు. అయస్కాంతం మిషన్ దగ్గర నాలుగింటికీ సున్నా వచ్చింది. సున్నా వచ్చినందుకు స్టాఫ్ మొత్తానికి స్వీట్లు పంచిన లెక్చరర్‌ని నా సర్వీసులో అతన్నొక్కణ్ణే చూశాను.

రెండువేల ఆరు జనవరిలో వైవా జరిగింది. నేను పోయి వెనక వరసలో కూర్చున్నాను. ఎగ్జామినరు మొదటి థీసిస్‌కు రిపోర్టు రాసిన పెద్దమనిషే. ప్రశ్నలు అయిపోయాక, కలం మూత తీస్తూ చనువుగా అడిగాడు.

"ఒక్క సంగతి చెప్పవయ్యా. మొదటిసారి కూడా నేను బాగుందనే రిపోర్టు పంపాను. మీ గైడు ఒప్పుకున్నారు, పత్రికవాళ్ళు అచ్చు వేశారు. నువ్వుగా చెప్పకపోతే మాకెవరికీ తెలిసేది కాదు. రెండేళ్ళు, ఒక ఉద్యోగం ఎందుకు పోగొట్టుకున్నావు?"

దానియేలు గైడు వైపు చూడలేదు. నావైపూ చూడలేదు.

"మా స్టూడెంటు ఒక పిల్ల ఆ సీసాలో ఉండేది రాగి అని రాసింది సార్. సరిగ్గా రాసినావని నలభై ఎనిమిది మార్కులు వేసి సంతకం పెట్టినాను. ఇంగ అదే సీసాలో నికెల్ ఉండాదని చెప్పి నేను డాక్టరేట్ ఎట్లా తీసుకునేది సార్?"

ఎగ్జామినరు సంతకం పెట్టాడు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు, ప్రొఫెసర్ దుర్గాప్రసాద్ గారైతే మరీ గట్టిగా కొట్టారు. ధర్మవరం నుంచి పెనుకొండ దాకా అతన్ని నోరు మూసుకోమని బోధించినవాణ్ణి నేను. నాకు మాత్రం చేతులు లేవలేదు.